దావణగెరెలో అన్న కారు

మొన్న పొద్దున చాయ్ తాగుతూ ఫోను చూస్తుంటే, దావణగెరెలో ఎవరో అమ్మకానికి పెట్టిన పాత అంబాసిడర్ కనిపించింది. దాని ప్లేటు మీద మన మహబూబ్‌నగర్ నంబరు ఉండడంతో చేతిలోని గ్లాసు కింద పెట్టేశాను. మా అన్న వనపర్తిలో టాక్సీగా నడిపిన కారు అదేనా కాదా అన్నది తేలక ఆ రోజంతా నా బుర్ర తిరిగిపోయింది. పూర్తి నంబరు గుర్తుంటే ఈ తంటా ఉండేది కాదు గానీ, అన్న ఒకటి చెబుతాడు, నాకు ఇంకొకటి గుర్తు.

ఆ కార్ల సంగతి మన ఈడువాళ్ళకు చెప్పనక్కరలేదు. అన్న పక్కన కూర్చుని అమ్రాబాద్ అడవి దాకా, కొత్త దంపతులతో బీచుపల్లి గుడి దాకా ఎన్నిసార్లు పోయానో! పెళ్ళివాళ్ళు ఎక్కీ దిగీ, వేలాడీ వెనక ఎడమ తలుపును ఎంత పాడుచేశారంటే, జర పైకెత్తితే గాని అది పడేది కాదు. ఆ ఎత్తడం నా పని, దానికే నాకెంత గర్వమో తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. తరువాత జీపులు వచ్చి బేరాలు తగ్గితే అన్న దాన్ని అమ్మేశాడు, ఆ పూట అన్నం ముట్టలేదు. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి మంచం దిగడమే కష్టమైన అన్నకు, ఒక్కసారి ఆ కారులో బీచుపల్లి పోయిరావాలని ఆశ.

కారాయనకు ఫోను చేశాను. నాకు కన్నడం రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరి హిందీ అంతంతమాత్రం. అయినా పాపం, వీడియోలో కారు చుట్టూ తిరిగి చూపించాడు. వెనక తలుపు వేయమని సైగ చేస్తే అది మెత్తగా పడిపోయింది. తలుపు బాగుచేయించారో, కారే వేరో అర్థం కాక మరునాడు మళ్ళీ అదే అడిగితే ఆయన "గాడి మారి ఆయ్తు" అన్నాడు. మారింది అంటున్నాడు కదా, తలుపు మార్పించాడన్నమాట, కారు మనదే అని నాకు నేనే తేల్చుకుని, మారితే మారనీ, ఆదివారం వస్తున్నానని చెప్పాను. ఆయన ఇంకేదో చెప్పబోయి విసిగి ఫోను పెట్టేశాడు. ఈ కబురు వినగానే అన్న గడ్డం గీయించుకుని, ఉతికిన ధోవతి తలగడ పక్కన పెట్టించుకున్నాడు.

శనివారం మా ఆవిడ గద్వాల పక్కన పుట్టింటి నుంచి వచ్చింది. వాళ్ళ దిక్కు కన్నడం అందరికీ అర్థమవుతుంది. నేను గొప్పగా ఆ ముక్క వినిపిస్తే, సంచి కూడా దించకుండా నిలబడిపోయింది.

"మారిందని కాదయ్యా, అమ్ముడువోయిందని. వాళ్ళ మాటల మారుడంటే అమ్ముడు. గింత గూడ తెల్వదా నీకు?"

ఆమెతోనే మళ్ళీ ఫోను చేయించాను. నిజమే, ఎవరో తీసుకుపోయారట. అది మాదో కాదో ఇక తెలిసే దారి లేదు.

అన్న మంచం దగ్గర కూర్చుని, ఎట్లా చెప్పాలో తోచక, అది మారిపోయిందన్నా అన్నాను.

"ఏం మారిందిరా? రంగు మారిందా, ఇంజనా?"

రంగు మారింది, సీట్లు మారినయి అంటూ మొదలుపెట్టి, ఆపడం చేతగాక, బస్టాండు మారింది, బీచుపల్లి రోడ్డు మారింది, మన అడ్డా మీద ఇప్పుడు ఫోన్ల దుకాణం ఉంది, అప్పటి డ్రైవర్లలో ఒక్కరూ లేరని ఏమేమో చెప్పుకుపోయాను. అన్న అంతా విన్నాడు.

"అమ్ముడువోయిందని సీదాగ చెప్పరాదురా," అన్నాడు.

అవునని తలూపాను. అన్న ధోవతి నా చేతికిచ్చి, లోపల పెట్టమన్నాడు.