మాస్టారి మొదటి గీత

మా సైన్సు మాస్టారు పోయిన ఆదివారం ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయారు. ఇప్పుడే రాయడానికి కారణం, ఆయన సీసా మీద ఒక గీత చెరిగిపోయింది. అది ఎక్కడుండేదో ఆయన తొలి విద్యార్థులైన మీకే తెలుసు.

కబురు ఫోన్లో విన్నాను. "అలాగాండీ" అన్నాను. వెళ్ళి తొమ్మిదో తరగతి పేపర్లు దిద్దాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

ఆ పెద్ద గాజు సీసా మీకు గుర్తుండే ఉంటుంది. నిండా నీళ్ళు పోసి, తొట్టిలో బోర్లించి, మూతిలోకి రబ్బరు గొట్టం పెట్టి ఊదించేవారు. గాలి పైకి చేరేది, నీళ్ళు దిగేవి. ఏటా ముందు ఆయనే ఊది, నీళ్ళు దిగినచోట ఎర్ర రంగుతో గీత గీసి, పక్కన సంవత్సరం వేసేవారు.

"రండి, నన్ను దాటండి చూద్దాం."

మా ఇంట్లో బడి మొహం చూసింది నేనే మొదలు. ఓడిపోకూడదని కళ్ళు చీకట్లు కమ్మేదాకా ఊదాను.

"చాలమ్మాయ్, ఆపు!"

"లోపల ఇంకా ఉందండీ."

"ఉంటుంది. ఎంత ఊదినా లీటరు పైచిలుకు లోపలే ఉండిపోతుంది. అది ఉండబట్టే ఊపిరితిత్తులు ముడుచుకుపోవు. మామూలుగా పీల్చి వదిలేది అర లీటరే. రోజంతా దాంతోనే నడుస్తుంది."

పదో తరగతికొచ్చేసరికి సగం క్లాసు ఆయన గీత దాటేసింది.

"మాస్టారూ, మీకంటే మా చెల్లెలు నయమండీ" అన్నాడు వెనక బెంచీ వాడొకడు.

"అయితే రేపట్నించి దాన్నే పంపించరా. నువ్వు గొడ్లు కాసుకో."

అందరం నవ్వాం. మమ్మల్ని గెలిపించడానికే తగ్గించి ఊదుతున్నారనుకున్నాం. దగ్గేవారు. కానీ బడి పక్కనే మిరప కల్లాలు. కాయలు ఎండే రోజుల్లో ఊరంతా దగ్గేది. ఆయన దగ్గు వేరని ఎవరికీ తోచలేదు.

మొన్న వాళ్ళింటికి వెళ్తే ఆయన భార్య అన్నారు: "తగ్గించడం ఎక్కడిదమ్మా? ఊదొచ్చిన రోజు అన్నం కూడా తినకుండా పడుకునేవారు. ఉన్నదంతా ఊదానే అనేవారు."

నిన్న బడికి వెళ్ళి సీసా కడిగి, బోర్లించి చూశాను. గీతలు ఏటికేడు పైకి జరిగాయి, అంటే ఊదిన గాలి ఏటికేడు తగ్గింది. అన్నిటికంటే కిందుండాల్సిన మొదటి ఏడాది గీత మాత్రం లేదు. తొట్టి అంచు ఒరుసుకుని అరిగిపోయింది.

ముప్పయ్యో తేదీన బడిలో సంతాపసభ. ఫొటో పక్కన సీసా పెడుతున్నాం. ఆయన ఊపిరి నిండుగా ఉన్న ఏటి గీత లేకుండా పెట్టలేను. మీ రికార్డు పుస్తకాలు వెతకండి, మాస్టారు ఆ రోజు ఎన్ని లీటర్లు ఊదారో రాసుకునే ఉంటారు. ఇరవై ఐదో తేదీలోగా బడి చిరునామాకు ఒక కార్డు రాయండి.

ఎర్ర రంగు తెచ్చి ఉంచాను. సీసా మూతి దగ్గర ఆ చోటు తుడిచి ఆరబెట్టాను.