లూకా నోటిమాట

అబ్దుల్ షుకూరంత మొండిఘటం తెనాలి దగ్గర ఆ సబ్‌స్టేషన్‌లో ఇంకొకడు లేడు. ఇరవై రెండేళ్లుగా ఆపరేటరు. పెద్ద లైన్లు ఆపడం, వేయడం ఆయన చేతి మీదే. లైను ఎక్కి పనిచేయాలంటే ఒక మనిషి తన పేరు మీద లైన్ క్లియర్ అనే అనుమతి తీసుకోవాలి. పనయ్యాక ఆ మనిషే "అందరం దిగాం" అని తిరిగి అప్పజెప్పాలి. ఇంకొకరి మాట చెల్లదు. షుకూరు ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఎవరో చెప్పిన మాట నమ్మి లైను వేసేశారు. మాడిపోయిన మనిషిని దుప్పట్లో మోసినవాళ్లలో షుకూరొకడు.

తుఫాను వెళ్లిన మూడోరోజు ఉదయం రేపల్లె లైను మీద తీగలు వేలాడే పింగాణీ డిస్కులు పగిలితే, వాటిని మార్చడానికి లైన్‌మన్ లూకాకి లైన్ క్లియర్ ఇచ్చాడు. రేపల్లెకి మిగిలిన దిక్కు ఆ ఒక్క లైనే. షుకూరు ఇల్లూ అక్కడే. తల్లి హుస్సేన్ బీకి ఊపిరితిత్తులు పాడయ్యాయి. కరెంటుతో నడిచే ఆక్సిజన్ మిషను ఆగిపోవడంతో సిలిండర్ల మీద నెట్టుకొస్తున్నారు.

పదకొండింటికి లూకా జట్టులోని చిట్టిబాబు ఫోన్ చేసి పనైపోయింది, లైను వేసేయమన్నాడు. లూకా ఏడీ అంటే, కాలవ అవతలి టవరెక్కాడు, ఈపాటికి దిగే ఉంటాడన్నాడు. లూకా ఫోను పలకలేదు. లైను ఇంకా వేయలేదేమని పై ఆఫీసరు ఫోన్లో గయ్యిమన్నాడు. ఒడ్డున కూర్చున్నవాడు ఎన్నయినా చెబుతాడు! కాగితం మీద రాసివ్వమన్నాడు షుకూరు. ఆఫీసరు ఠక్కున ఫోను పెట్టేశాడు.

పావుగంటకి భార్య ఆలియా ఫోన్.

"ఆఖరి సిలిండరు అయిపోవస్తోందండీ. రోడ్డు నిండా చెట్లు, అంబులెన్సు రాలేనంటోంది. లైను మీ చేతిలోనే ఉందిగా?"

"ఉంది."

"మరి వేయరేంటండీ?"

టవరు మీద మనిషి ఉన్నాడేమోనన్నాడు. ఆవిడ ఫోను పెట్టలేదు. అందులోంచి తల్లి ఆయాసం వినబడుతూనే ఉంది. ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే అదే. స్విచ్ మూడడుగుల దూరంలో ఉంది. చేతులు చంకల్లో దోపుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు షుకూరు. అయినా వేయలేదు.

పన్నెండున్నరకి ఎవరి ఫోన్లోంచో లూకా మాట్లాడి, అందరం దిగామన్నాడు. గొంతు పోల్చుకుని షుకూరు లైను వేశాడు. రేపల్లెకి కరెంటు వచ్చింది. హుస్సేన్ బీ పోయి అప్పటికి పది నిమిషాలు.

తల్లిని పోగొట్టుకుని ఒకరి ప్రాణం నిలబెట్టాడని మసీదు దగ్గర అంతా మెచ్చుకున్నారు. ఆ ఒక్క మాట పట్టుకునే షుకూరు మూడు రోజులు గడిపాడు. నాలుగోరోజు లూకా ఇంటికొచ్చాడు.

"నేను లైను వేయకుండా కూర్చున్నప్పుడు నువ్వు టవరు మీదే ఉన్నావు కదరా?"

లూకా ఒక్క అబద్ధం ఆడేస్తే సరిపోయేది. ఆ వెర్రిబాగులవాడికి అది చేతకాలేదు.

"లేదన్నా. పదకొండుకే దిగేశాను. ఫోన్లో చార్జింగు లేదు. కరెంటు లేక మూడ్రోజులాయె, ఎక్కడ పెట్టుకునేది? ఫోనున్న మనిషిని వెతుక్కుంటూ బురదలో పడి వచ్చేసరికి ఆ వేళయింది."

తలుపు దగ్గర ఆలియా అంతా వింది.  షుకూరు రేపు పనెక్కడని అడిగాడు. బాపట్ల లైను మీదన్నాడు లూకా.

"ఎక్కు. నువ్వు చెప్పేదాకా వేయను."

ఆలియా లోపలికి వెళ్లి గడియ పెట్టుకుంది.