కేబుల్ లేని సర్వర్ ఇచ్చిన జవాబు

దెయ్యాలూ గియ్యాలూ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ అంతే. ఇది చదివి "చూశావా, ఉన్నాయిగా!" అంటూ ఎవరైనా నా దగ్గరికొస్తే మర్యాద దక్కదు, ముందే చెబుతున్నా.

గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసుకోవడం నా ఉద్యోగం. రోగుల పాత స్కాన్లన్నీ ఒకే సర్వర్లో ఉంటాయి. దానికి రెండు నెట్‌వర్క్ కేబుళ్ళు, రెండు అడ్రసులు. ఒకటి స్కానింగ్ గది వైపు, ఇంకోటి ఆపరేషన్ థియేటర్ వైపు. ఆ సర్వర్ ఫోల్డర్ని థియేటర్ కంప్యూటర్‌కి తగిలిస్తే డాక్టర్లు అక్కడే స్కాన్ చూసుకుంటారు. ఆ తగిలించడాన్నే మేం మౌంట్ అంటాం.

దసరా మర్నాడు పొద్దున ఫోనొచ్చింది, ఫోల్డర్ తెరుచుకోవట్లేదని. దాచేపల్లి వైపు నుంచి నాగమణి అనే ఆవిడని స్పృహ లేకుండా తెచ్చారు. పోయినేడు మా దగ్గరే తలకి ఆపరేషన్ అయింది, మళ్ళీ అక్కడే రక్తం గడ్డకట్టింది. ఇంట్లో దాచుకున్న ఫిల్ములు వానకి తడిసి పాడైపోయాయట.

"పాత స్కాన్ చూడకుండా నేను కత్తి పెట్టనమ్మా" అన్నారు సర్జన్ గారు.

సర్వర్ గదికి పరిగెత్తాను. ఇనప తలుపు, తాళం. తాళంచెవి మేనేజర్ గారి జేబులో, ఆయనేమో మార్టూరులో అత్తారింట్లో! ఫోన్లో దులిపేశాను. బయల్దేరానన్నారు గానీ, ఆయనొచ్చేదాకా ఆగే స్థితిలో నాగమణి లేదు.

థియేటర్ కంప్యూటర్ ముందు కూర్చున్నా. మామూలు అడ్రసుకి అడిగితే జవాబు రెండో అడ్రసు నుంచి వస్తోంది. వీధి గుమ్మంలో పిలిస్తే పెరట్లోంచి పలికినట్టు. అడిగిన చోటి నుంచి రాని జవాబుని కంప్యూటర్ నమ్మదు, అలా బిగుసుకుపోతుంది. రెండు అడ్రసుల సర్వర్లతో ఈ తెగులు మామూలే.

నాగమణి భర్త మిరప రైతు. గుమ్మం దగ్గర నిలబడి "తల్లీ, ఏదో ఒకటి చెయ్యమ్మా" అన్నాడు.

పలికిన ఆ రెండో అడ్రసే ఇచ్చి మౌంట్ చేశాను. టక్కున తెరుచుకుంది! స్కాన్ కాపీ చేసి ఇచ్చాను, ఆవిడని లోపలికి తీసుకెళ్ళారు. నన్ను చూసుకుని నాకే గర్వమనిపించింది.

మేనేజర్ గారొచ్చాక మేమిద్దరం గది తెరిచాం.

ఏటా ఆయుధపూజకి మావాళ్ళు సర్వర్ని తుడిచి, బొట్లు పెట్టి, బంతిపూల దండ వేస్తారు. ఈసారి తుడవడానికి కేబుళ్ళు పీకారు, మళ్ళీ పెట్టడం మర్చిపోయారు. రెండూ! చుట్టచుట్టి దండ కింద పెట్టారు. కేబుల్ దూర్చే చోట కుంకం ఎండి అట్టకట్టింది. వైఫై ఆ డబ్బాకి ఎప్పుడూ లేదు.

మరి నాకు జవాబిచ్చిందెవరు?

"అంతా అమ్మవారి మహిమమ్మా" అన్నారు మేనేజర్ గారు.

"మీ మతిమరుపుకి అమ్మవారి పేరు అడ్డం పెట్టకండి" అని కసిరాను.

ఆసుపత్రిలో ఆ అడ్రసున్న మిషన్ ఇంకోటి ఉందేమోనని గదిగదీ వెతికాను. లేదు. థియేటర్ కంప్యూటర్లో పాత కాపీ ముందే ఉందేమోనని చూశాను. అదీ లేదు. ఆ పొద్దున ఎవరూ ఏమీ అడగనట్టే ఉంది సర్వర్ రికార్డు. నేను కాపీ చేసిన స్కాన్ మాత్రం అక్షరాలా ఆ సర్వర్లో ఉన్నదే. హైదరాబాద్ నిపుణుల్ని కూడా అడిగాను. తలా ఒక కారణం చెప్పారు, కేబుళ్ళ సంగతి చెప్పేసరికి ఆ కారణాలన్నీ వాళ్ళే వెనక్కి తీసుకున్నారు. అయినా నేను ఒప్పుకోను. కారణం ఉండే ఉంటుంది, నాకింకా దొరకలేదంతే.

నెల తర్వాత నాగమణి చెకప్‌కి నడిచొచ్చింది. "నన్ను కాపాడిన మిషన్ చూపించమ్మా, ఒక్కసారి దణ్ణం పెట్టుకుంటాను" అంది. అది ఉత్త డబ్బా అన్నాను, వినలేదు. తాళంచెవి అడిగి తెచ్చి గది తెరిచాను. ఆవిడ దాని మీద చెయ్యి ఆనించి, "ఆవేళ పలికింది ఇదేనా తల్లీ?" అంది.

"ఇదేనమ్మా" అన్నాను.

అది అబద్ధం. ఆవేళ అది పలకలేదు. పలికిందెవరో నాకు తెలియదు.