సిస్టర్ వాల్బర్గా అనుమానం

సిస్టర్ వాల్బర్గాకి అనుమానం జబ్బు. దేవుణ్ణి తప్ప ఎవర్నీ నమ్మేది కాదు. ఆయన్నైనా ఓసారి వాసన చూశాకే నమ్మి ఉంటుందని క్లెమ్ హాగర్టీ అనేవాడు.

ఒహాయోలో అదొక టైర్ల ఫ్యాక్టరీల ఊరు. తాగుబోతుకి జైలో, పిచ్చాసుపత్రో తప్ప వేరే దిక్కులేని రోజులవి. మఠం వాళ్ళ ఆసుపత్రిలో మాత్రం సిస్టర్ పూలు సర్దే గదిలో మంచాలు వేయించి, అడిగినవాళ్ళకి "కడుపులో మంటట పాపం" అని చెప్పి, తాగుబోతుల్ని చేర్చుకునేది. తాగుడు మానినవాళ్ళ సంఘం నుంచి ఎవరో ఒకరు పూచీ పడాలి. అలా పూచీ పడేవాళ్ళలో క్లెమ్ ఒకడు. తనూ ఆ మంచం మీంచి లేచినవాడే.

ఇక ఆవిడ అనుమానాలంటారా, పూలకుండీలో నీళ్ళూ వాసన చూసేది, కాపడం పెట్టే రబ్బరు సంచీ వాసన చూసేది. పరామర్శకొచ్చిన బిషప్ గారు పాపం ఓసారి దగ్గితే, "ఆ దగ్గుమందు సీసా ఇలా ఇవ్వండి" అంది. ఆయన బుద్ధిగా ఇచ్చేశాడు.

"ఏవిటయ్యా ఆ జేబులో?" అనేది కొత్తగా వచ్చినవాణ్ణి.

"జపమాల సిస్టర్."

"జపమాల ఎక్కడైనా గుడగుడమంటుందా? తియ్యి బయటికి!"

ఆ గదికి పెద్ద మదర్ గారు పెట్టిన షరతు ఒక్కటే. మనిషికి ఒక్కసారే పడక. మళ్ళీ తాగి వచ్చాడా, గడప తొక్కనివ్వకూడదు. అది తప్పితే గదికే తాళం.

క్లెమ్‌తో ఫ్యాక్టరీలో ఒకే యంత్రం మీద పనిచేసే ఒరిన్ టేట్ వసంతంలో ఆ పూలగదిలో తాగుడు మాని నవ్వుతూ వెళ్ళాడు. ఆకులు రాలే వేళకి మళ్ళీ సీసా పట్టాడు. "ఇంకొక్కసారి ఇలా తాగితే శవపేటికే" అన్నాడు డాక్టరు. ఒరిన్ పెళ్ళాం లాటీ వచ్చి క్లెమ్ వంటింట్లో కూలబడి ఏడ్చింది.

క్లెమ్ ఏంచేస్తాడు? ఒరిన్ గుబురు మీసం గొరిగేశాడు, పాపిడి ఇటుది అటు తిప్పాడు, కళ్ళజోడు తగిలించాడు, వాల్టర్ గ్రిమ్ అని పేరు పెట్టాడు. పెట్టాడేగానీ, ఆవిడ ముక్కు తలుచుకుని ఒరిన్ జేబులన్నీ రెండేసి సార్లు వెతికాడు.

క్లెమ్ వాణ్ణి తీసుకెళ్ళగానే ఆసుపత్రి గుమ్మంలో సిస్టర్ వాడి టోపీ దులిపింది. బూట్లు విప్పించి వాసన చూసింది. మొహంలో మొహం పెట్టింది.

"ఎప్పుడైనా వచ్చావా ఇక్కడికి?"

"అబ్బే, ఇదే మొదటిసారండీ" అని, ఎవరూ దారి చూపించకుండానే ఎడంపక్కకి తిరిగి తిన్నగా పూలగదిలోకెళ్ళి, తన పాత మంచం మీద కూచున్నాడు మహానుభావుడు.

సరిగ్గా అప్పుడే పెద్ద మదర్ గారు అటు వచ్చారు.

"ఈ మొహం ఎక్కడో చూసినట్టుందే!"

సిస్టర్ నడుం మీద చెయ్యి వేసుకుంది. "ఏవిటి మదర్, నా కళ్ళు కప్పి పిల్లి కూడా లోపలికొచ్చిందా ఇన్నాళ్ళలో? నేనే ఊరుకున్నానంటే మీకెందుకండీ అనుమానం!"

"అంతేలే. నీకంటే ఎక్కువ అనుమానించడం నావల్ల ఎక్కడవుతుంది!" అని మదర్ వెళ్ళిపోయారు.

క్లెమ్‌కి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సిగ్గూ ముంచుకొచ్చింది. దేవతలాంటి మనిషిని మోసం చేశానే అని ఆవిడ వెనకాలే పరుగెత్తాడు.

"సిస్టర్, మీకో నిజం చెప్పాలి. ఆ వాల్టరు..."

"నోర్ముయ్!" అంది ఆవిడ గొంతు తగ్గించి. "నువ్వు చెబితే నాకు తెలిసినట్టవుతుంది. తెలిస్తే వాణ్ణి వీధిలోకి పంపాలి. చస్తాడయ్యా వాడు!"

ఈవిడ బిషప్పుని కూడా వదలకుండా సంపాదించుకున్న పేరంతా ఇవాళ ఒక తాగుబోతు కోసం ఖర్చుపెట్టేసిందని క్లెమ్‌కి అప్పటికి అర్థమైంది.

"ఇంకా నిలబడతావేం?" అంది సిస్టర్. "లోపలికెళ్ళి నువ్వెలా మానావో ఆ కథ మొదట్నించీ చెప్పు వాడికి. కొత్తవాడు కదా, ఎప్పుడూ విని ఉండడు."