ఇవ్వని కర్రలు

శ్రీహరి పోయిన రోజు బేస్తవారిపేటలో వాళ్ల ఇంటి ముందు చేరిన జనాన్ని చూసి, బస్సులో పోయేవాళ్లు ఎవరో పెద్ద నాయకుడు పోయాడనుకున్నారు. నాయకుడూ కాదు, పాడూ కాదు. జీవాలు కాసుకునే శ్రీరాములు కొడుకు. పొద్దున గొర్రెల వెంట తిరిగి, సాయంత్రం పిల్లలకు కర్రసాము నేర్పేవాడు. ముప్పై నాలుగేళ్లకే పోయాడు.

వచ్చినవాళ్లంతా ఏడుస్తున్నారు. ఆయన భార్య సునీత మాత్రం గోడకు ఆనుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ చేతులతోనే నిన్న సాయంత్రం ఆయన భుజం రుద్దింది.

ఎడమ భుజం లాగుతోందని చెప్పాడు శ్రీహరి. ఊళ్లో ఎవరికి కాలు బెణికినా, మెడ పట్టినా సరిచేసే మనిషి. తనదీ అలాంటి నొప్పేననుకున్నాడు. "పట్టేసిందిలే, ఉప్పు కాపడం పెట్టు" అన్నాడు. ఆమె ఆముదం రాసింది, ఉప్పు మూట కాచి పెట్టింది. హాయిగా ఉందన్నాడు కూడా. కర్రసాము చేసేవాళ్ల ఇంట్లో నొప్పంటే కండదే. గుండెదని ఎవరికి తడుతుంది? తెల్లవారేసరికి ఒళ్లంతా చెమటలు. కంభం ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోతుంటే, దారిలోనే ఆమె ఒళ్లో తల వాల్చేశాడు.

ఆయన ఎలాంటి మాస్టరంటే, పిల్లల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎరగడు. ఏ పిల్లో గురితప్పి ఆయన మోకాలి మీద కొడితే, "చచ్చినాన్రా దేవుడా" అంటూ ఒంటికాలి మీద వీధంతా గెంతేవాడు. భయంతో బిక్కచచ్చిన పిల్ల కాస్తా పడీపడీ నవ్వేది. మరుసటి రోజు అందరికంటే ముందొచ్చేది. గిద్దలూరులో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు వారానికి రెండు పూటలు రమ్మని, తెల్లడ్రెస్సూ బెల్టూ ఇచ్చారు. అది తొడుక్కుని నిలబడితే సునీత కడుపు పట్టుకుని నవ్వింది. "ఏంది బావా, కాంపౌండర్ లెక్కన ఉండావు?" అంది. అక్కడ పిల్లలు సార్ అనేవాళ్లు, ఇక్కడివాళ్లు అన్నా అనేవాళ్లు. అన్నా అంటే వెంటనే పలికేవాడు. సార్ అంటే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసేవాడు.

ఆడపిల్లలకు నేర్పుతానన్నప్పుడు ఊళ్లో పెద్దమనుషులు చాలా నీతులు చెప్పారు. "వాళ్లకు చేతులు లేవా ఏంది?" అని ఊరుకున్నాడు. ఆ నీతులు చెప్పినవాళ్లే తర్వాత మనవరాళ్లను వెంటబెట్టుకుని వచ్చారు. ఇప్పుడు గుర్తుచేస్తే మేమెప్పుడన్నామంటారు.

వాళ్ల ఇంటికి కొన్ని కట్టుబాట్లున్నాయి. కొత్త పిల్లలకు దసరానాడు గురువే కర్ర అందించాలి. తమంతట తాము తీసుకోకూడదు. శ్రీరాములు ఒక దసరాకు తన కర్ర కొడుకు చేతిలో పెట్టి గురుత్వం మానుకున్నాడు. ఇచ్చేసిన చెయ్యి మళ్లీ ఎవరికీ ఇవ్వకూడదు. గురువు పోతే, ఇవ్వకుండా మిగిలిన కర్రలు అతనితోనే పోవాలి.

మిగిలిన కర్రలు చాలానే ఉన్నాయి. ఈ ఏడు కొత్త పిల్లలు ఎక్కువ. అడవి గూడెం నుంచి భీమయ్య తెచ్చిన వెదుర్లను, ఒక్కో పిల్లను పక్కన నిలబెట్టుకుని వాళ్ల ఎత్తుకు కోశాడు శ్రీహరి. వాటిని నీళ్లపొయ్యి మీద వేలాడదీసి పొగబట్టించేది సునీత. గ్యాసు వచ్చి ఎన్నేళ్లయినా ఆ పొయ్యి తీసేయనిది అందుకే. వారానికోసారి దించి ఆముదం పట్టించేది. ఏ కర్ర ఎవరిదో చూడకుండానే చెప్పగలదు.

పాడె కట్టడం అయ్యాక శ్రీరాములు, కొడుకు దగ్గర నేర్చుకున్న పెద్ద శిష్యురాలు శిల్పను పిలిచాడు.

"పొయ్యి మీద కర్రలన్నీ దించుకరామ్మా. వాని పక్కన కట్టాల."

శిల్ప ఏడుస్తూనే పోయి కట్ట తెచ్చింది. అప్పుడు లేచింది సునీత.

"వద్దు మామా."

"ఇయ్యని కర్రలు వానితోనే పోవాల. నీకు తెలీందేముంది?"

"తెలుసు. మరి ఆ పిల్లోళ్లు?"

"వాళ్లకు యోగం లేదు. నా కొడుకు పని సగంలో ఇడిసిపెట్టి పోయినాడని రేపు ఎవురూ అనగూడదు."

"సగంలోనే పోయినాడు మామా!" సునీత గొంతు వీధిలోకి వినబడింది. "ఏది పూర్తయిందని? ఆయన వయసు పూర్తయిందా? నాతో కాపురం పూర్తయిందా? ఇయి కట్టి పంపిస్తే అన్నీ పూర్తయితాయా?"

"దుఃఖంలో ఏదో అంటాంది, పట్టించుకోగాకండి" అన్నాడు ఒకాయన. దుఃఖంలో ఉన్న మనిషి మాట పట్టించుకోకపోతే ఇంకెప్పుడు పట్టించుకుంటారో ఆయనకే తెలియాలి.

"పిల్లోళ్లకు నువ్వియ్యి మామా" అంది సునీత.

"ఇచ్చేసిన చెయ్యమ్మా ఇది."

"ఇచ్చింది ఆయనకే గదా. ఆయనే లేడు. మీ అబ్బాకొడుకులతోనే ఆగిపోవాల్నా ఇది?"

శ్రీరాములు కొడుకు ముఖం వైపు చాలాసేపు చూశాడు. కట్టుబాటును పట్టుకుని నిలబడ్డంతసేపూ ముసలాయన ఏడుపు ఆపుకోగలిగాడు. అది వదిలేసరికి నోరు వంకర్లు పోయింది. వంగి, కట్టలోంచి ఒక కర్ర లాగాడు. చేతికి అందింది అన్నిట్లోకీ చిన్నది.

"నేనెంతకాలముంటా సునీతా. నువ్వు పట్టు. దసరాకు నువ్వే ఇయ్యి వాళ్లకు. నేర్పేది శిల్ప నేర్పుతాది."

సునీత రెండు అరచేతులూ చాచింది. ఎన్నో కర్రలకు నూనె పట్టించిన చేతులే. కర్ర అందుకోవడం మాత్రం ఇదే మొదలు. అది ఎనిమిదేళ్ల పిల్ల కోసం కోసింది. నేల మీద ఆనిస్తే ఆమె భుజం దాకా కూడా రాలేదు. దాన్ని పట్టుకుని ఆమె అప్పుడు ఏడ్చింది. వీధి చివరిదాకా వినబడేలా, బావా బావా అంటూ ఏడ్చింది. శిల్ప మిగతా కర్రలను మళ్లీ లోపలికి మోసుకుపోయింది.

వాటిని ఇవ్వవలసిన చెయ్యి తెల్లగుడ్డ కింద ఉంది. నలుగురూ వంగి పాడె ఎత్తారు.