టీవీ నాటకంలో పెళ్ళికూతురి నడక

మొన్న క్రిస్మస్ సెలవుల్లో నా మనవరాలు సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, ఫోనులో ఏదో ఇంగ్లీషు సినిమా చూస్తూ తనలో తాను నవ్వుకుంటుంటే, అంత నవ్వెందుకే అని నేనూ పక్కన చేరాను. మంచు కురిసే చిన్న ఊరు, కేకులు చేసే ఒక అమ్మాయి, పట్నం నుంచి దిగిన ఒక కుర్రవాడు, మధ్యలో ఒక చిన్న అపార్థం, చివర చర్చి గంటలు. టీవీ కోసమే తీసే తేలికపాటి ప్రేమకథ. చూసినవాళ్ళు దాని కింద రాసిన మాటలను కూడా మనవరాలు చదివి వినిపించింది. కథ బాగుందని కొందరు, నిద్రొచ్చిందని కొందరు. ఆ పిల్ల నడుస్తుంటే బాతు గుర్తొచ్చిందని ఒకరు రాశారట, దానికి బోలెడుమంది నవ్వారట. ఆ మాట వినగానే నేను లేచి బాల్కనీలోకి వచ్చేశాను. మనవరాలికి కారణం చెప్పలేదు. నా ఈడువాళ్ళు మీరైతే అర్థం చేసుకుంటారని మీకు చెబుతున్నాను.

అప్పుడు నాకు పెళ్ళీడు. పాండిచ్చేరి ముత్తియాల్‌పేటలో మా ఇల్లు. నాన్న బట్టల మిల్లులో పనిచేసేవారు. మా ముత్తాతల నాడే ఈ ఊరొచ్చి స్థిరపడ్డవాళ్ళం గనుక మా ఇంటి తెలుగులో సగం తమిళమే. తెలుగు రాయడం, చదవడం తెలిసింది మా ఇంట్లో నాన్నకూ నాకూ మాత్రమే. చిన్నప్పుడు మేడమెట్ల మీద నుంచి పడి నా ఎడమకాలు విరిగింది. కట్టు కట్టిస్తే ఎముక అతుక్కుంది గాని కాలు కొంచెం పొట్టిదైపోయింది. అడుగు వేసినప్పుడు ఆ కాలు కుడికాలి కంటే ఒక క్షణం ఆలస్యంగా వచ్చేది, నడుము ఒక పక్కకి ఒరిగేది. ఇంట్లో ఎవరూ దానికి పేరు పెట్టలేదు. అమ్మ అయితే దాని ఊసే ఎత్తేది కాదు, ఎత్తకపోతే అది లేనట్టేనని ఆమె నమ్మకం.

మా ఎదురింట్లో ఒక క్రైస్తవ కుటుంబం ఉండేది. ఆ ఇంటావిడను అత్తా అని పిలిచేదాన్ని. పెళ్ళిగౌన్లు కుట్టడంలో ఆమెకు ఊళ్ళో మంచి పేరు. నేను ఆమె దగ్గరే కుట్టుపని నేర్చుకుంటున్నాను. ఆ ఏడు వానలకు ముందు మద్రాసు నుంచి టీవీవాళ్ళు వచ్చి, సముద్రం వైపు పాత వీధుల్లో ఒక క్రిస్మస్ నాటకం తీశారు. నాటకం అనేవాళ్ళం గాని, నిజానికి అది చిన్న సినిమాయే. అందులో పెళ్ళికూతురి గౌను కుట్టే పని అత్తకు వచ్చింది. గౌను సర్దడానికీ, పిన్నులు పెట్టడానికీ నన్ను వెంట తీసుకెళ్ళింది. హీరోయిన్‌గా వేసిన అమ్మాయి చివరి రోజున జ్వరం వచ్చి మద్రాసు వెళ్ళిపోయింది. ఆమె ముఖం కనబడే భాగాలన్నీ అప్పటికే తీసేశారు. చర్చి గుమ్మం నుంచి లోపలికి నడిచే దృశ్యం, అదీ వెనక నుంచి, ఒక్కటే మిగిలింది. డైరెక్టరు అటూ ఇటూ చూసి, ఎత్తు సరిపోయిందని నన్ను పిలిచాడు. నా కాలు సంగతి చెప్పాను. గౌను నేల దాకా ఉంటుంది, మెల్లగా నడిస్తే చాలు అన్నాడు. తల మీద తెల్లటి ముసుగు వేసుకుని నడిచాను. జరిగింది అంతే.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే ఆమె ముఖం వాడిపోయింది. నాన్నకు చెప్పొద్దంది. సరిగ్గా అప్పుడే యానాం వాళ్ళ సంబంధం నడుస్తోంది మరి. అబ్బాయి ప్రభుత్వ ఉద్యోగంలో మా ఊరికి బదిలీ అయి వచ్చాడు, తండ్రి లేడు, వాళ్ళ అమ్మా మేనమామా పెద్దలు. చక్కని తెలుగు మాట్లాడే మనుషులని అమ్మకు ఎంత గౌరవమంటే, వాళ్ళ ముందు యాడ, ఏంది అనొద్దని మా అందరికీ ముందే చెప్పి ఉంచింది. పెళ్ళిచూపుల నాడు వాళ్ళు గుమ్మం తొక్కకముందే నన్ను చాప మీద కూర్చోబెట్టింది, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా లేవనివ్వలేదు. పిల్ల నచ్చిందని కబురు వచ్చాక అమ్మ రెండు రోజులు దేవుడి గదిలోనే గడిపింది.

క్రిస్మస్ సెలవు కదా అని, నిశ్చితార్థానికి రోజు అనుకోవడానికి, ఆ సాయంత్రం అబ్బాయి తల్లీ మేనమామా మా ఇంటికి వచ్చారు. అబ్బాయి రాలేదు. కాఫీలు ఇంకా కలపనేలేదు, ఎదురింటి అత్త పళ్ళెం నిండా కేకు ముక్కలతో వచ్చి, నాటకం మొదలవుతుంది, మీరందరూ రండి అని పిలిచింది. మా ఇళ్ళ వరస మొత్తానికి టీవీ ఉన్నది ఆమె ఇంట్లోనే. అమ్మ ఏవో సాకులు చెప్పబోయింది. అబ్బాయి తల్లి అప్పటికే లేచి చీర సర్దుకుంటోంది.

“ఈ పాండిచ్చేరిలోనే తీశారంటగా, చూసి వద్దాం పదండి. మాటలు తర్వాతైనా మాట్లాడుకోవచ్చు,” అంది.

నన్ను పెరటి దారిన ముందుగా పంపించి, గది మూలన కూర్చోబెట్టింది అమ్మ. తర్వాత వచ్చి నా పక్కనే కూర్చుని మణికట్టు పట్టుకుంది. ఆ పట్టు నాటకం సాగినంతసేపూ వదల్లేదు. బెంచీ మీద మగవాళ్ళు, నేల మీద ఆడవాళ్ళు, కిటికీ చువ్వలకు పిల్లలు. ముందు వరుసలో మా అవ్వ, నాన్నను కన్నతల్లి, గోడకు ఆనుకుని కూర్చుంది. రోజూ కురుచికుప్పం నుంచి చేపలు తెచ్చే ఆవిడ కూడా ఖాళీ గంప గుమ్మం దగ్గర పెట్టి చతికిలబడింది. టీవీలో బేకరీ పిల్ల అలిగింది, మిలిటరీ నుంచి వచ్చిన అబ్బాయి కేకు మీద పేరు తప్పుగా రాయించాడు, ఇంటి కప్పు మీద నుంచి మంచు రాలింది. ఆ మంచు చూసి గదంతా నవ్వింది.

“ఏంది ఇది, దూది పీకి చల్లతా ఉండారు. మన ఊరికి యాడిది మంచు?” అంది చేపలావిడ.

అందరూ నవ్వుతుంటే నేను మాత్రం చర్చి గుమ్మం ఎప్పుడొస్తుందా అని చూస్తున్నాను. నా ముఖం కనబడదని తెలుసు. కానీ డైరెక్టరు ఎక్కడైనా ఒక్క క్షణం ముసుగు పక్క నుంచి చూపించి ఉంటే? చర్చిలో, గౌనులో, ఇంకొకడి పక్కన నిలబడబోతున్న పెళ్ళికూతురిగా నేను కనబడితే, ఈ యానాం ఆవిడ ఏమంటుంది, ఈ సంగతే తెలియని నాన్న ఏమంటారు? నాకు తెలిసిన భయం అదొక్కటే. అమ్మ భయమూ అదే అనుకున్నాను.

చర్చి గుమ్మం వచ్చింది. ముసుగు వేసుకున్న పెళ్ళికూతురు వెనక నుంచి కనబడింది, నడవడం మొదలుపెట్టింది. వెనక ఏదో వాద్యం మోగుతోంది. గదిలో నవ్వులు ఆగిపోయాయి. గౌను అంచు ఒక పక్కకి ఊగుతూ, మళ్ళీ సర్దుకుంటూ, అలలాగా ముందుకు సాగుతోంది. అది నేనని నాకే నమ్మకం కలగలేదు.

“ఎంత నిదానంగా పోతా ఉండాది చూడు,” అంది చేపలావిడ మెల్లగా.

“పెళ్ళికూతురంటే అలాగే నడవాలండీ. బెరుకు బెరుగ్గా, ఎంత ముచ్చటగా ఉందో,” అంది అబ్బాయి తల్లి.

ముసుగు తొలగలేదు. నా ముఖం ఎక్కడా కనబడలేదు. అమ్మ పట్టు కొంచెం సడలింది. నేను ఊపిరి వదిలాను. అప్పుడు ముందు వరుసలో నుంచి మా అవ్వ, టీవీ మీద నుంచి చూపు తిప్పకుండానే, తృప్తిగా అంది.

“అది మా పాప గదా. ఆ ఎడమ కాలు చూడండి. నేను ఒళ్ళో పెట్టుకొని నూనె రుద్దిన కాలు, నాకు తెలీదా?”

అబ్బాయి తల్లి మెల్లగా వెనక్కి తిరిగింది. ముందు అవ్వను చూసింది, తర్వాత నన్ను చూసింది.

“ఎడమ కాలేంటండీ?” అంది.

అవ్వకు తను ఏమందో అప్పుడు తెలిసినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గౌను వేసుకున్న సంగతి అబ్బాయి తల్లి పట్టించుకోనే లేదు. ఆవిడకు తగిలింది కాలు. మేం భయపడ్డది ఒకటి, జరిగింది ఇంకొకటి. ఆవిడ నా ముఖంలోకి చూస్తూ, చాలా నెమ్మదిగా, కోపం లేకుండానే అడిగింది.

“కాస్త మంచినీళ్ళు తెచ్చిపెడతావా అమ్మా?”

ఎందుకు అడిగిందో గదిలో తెలియనివాళ్ళు లేరు. ఎదురింటి అత్త నేను తెస్తానని లేవబోయింది. “మీరు కూర్చోండి, అమ్మాయి తెస్తుంది,” అంది ఆవిడ. అమ్మ నా చెవిలో, చిన్న చిన్న అడుగులు వెయ్యవే అని గొణిగింది. నేను లేచాను. వంటగది ఆ గదికి అవతలి కొసన ఉంది. టీవీ మోగుతూనే ఉంది గాని దాన్ని చూసేవాళ్ళు లేరు. బెంచీ మీది మగవాళ్ళు, నేల మీది ఆడవాళ్ళు, కిటికీలోని పిల్లలు, అందరూ నన్నే చూస్తున్నారు. చర్చిలో నడిచిన నాడు నా ఒంటి మీద గౌను ఉంది, వాళ్ళు చూసింది దాన్ని. ఈ గదిలో నా కాలికి ఏ అడ్డమూ లేదు. చిన్న అడుగులు వేస్తే ఒరగడం తగ్గుతుందని నాకు తెలుసు. అయినా ఎందుకో నాకు అలా నడవాలనిపించలేదు. నేను ఎలా నడుస్తానో అలాగే నడిచి వెళ్ళాను. అలాగే నడిచి వచ్చాను. గ్లాసు నిండుగా ఉండటంతో నీళ్ళు నా చేతి మీద ఒలికాయి.

ఆవిడ ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. మేనమామ గొంతు సవరించుకున్నాడు.

“ఇలాంటివి ముందే చెప్పాలండీ. మేమేం పరాయివాళ్ళమా?” అన్నాడు.

నాన్న అప్పటిదాకా బెంచీ చివర తల దించుకుని కూర్చున్నారు. లేచి నిలబడ్డారు. మిల్లులో మిషన్ల మోతకు అలవాటై ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, ఆ రోజు చాలా మెల్లగా మాట్లాడారు.

“నిజమేనయ్యా, చెప్పుండాల్సింది. అది నా తప్పు, బిడ్డది కాదు. కానీ నీళ్ళ పేరు చెప్పి ఇంతమంది ముందర దాన్ని నడిపించారే, అది మీరు చేసుండకూడదు.”

“మేమేం అన్నామండీ? దాహం వేసింది, అడిగాను,” అంది ఆవిడ.

“దాహం తీరింది గదమ్మా. ఇంక బయల్దేరండి,” అన్నారు నాన్న.

వాళ్ళు చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు. అమ్మ గోడ వైపు తిరిగి ఏడుస్తోంది. నేను గది మధ్యలో నిలబడే ఉన్నాను, ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. టీవీలో దూది మంచు కింద ఎవరో ఎవరినో పట్టుకుని నవ్వుతున్నారు, పేర్లు పడుతున్నాయి. చేపలావిడ గంప ఎత్తుకుంటూ, ఎవరినీ ఉద్దేశించకుండా, నాటకం కడాసికి ఆ పిల్లకు పెళ్ళయిందా లేదా అని అడిగింది. ఆ ముగింపు ఎవరూ చూడలేదు. ఎదురింటి అత్త ముందుగా నవ్వింది, తర్వాత నేను నవ్వాను, ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. నాన్న నా భుజం మీద చెయ్యి వేసి ఇంటికి తీసుకొచ్చారు. గౌను సంగతి గురించి ఒక్క మాట కూడా అడగలేదు.

జాతకాలు కలవలేదని మధ్యవర్తితో కబురు వచ్చింది. అమ్మ చాలా రోజులు అవ్వతో మాట్లాడలేదు. అవ్వ సరిగా తినేది కాదు. నేను కంచం తీసుకెళ్ళి కూర్చుంటే, “గొప్పగా చెప్పుకున్నాను పాపా, చెడుగా కాదు,” అనేది. నాకు తెలుసులే అవ్వా అనేదాన్ని. నిజంగానే తెలుసు. ఆ గదిలో నా నడకను చూసి మురిసిపోయినవాళ్ళలో, అది నాదని తెలిసి కూడా మురిసిపోయింది అవ్వ ఒక్కతే.

ఆ తర్వాత ఏ సంబంధం వచ్చినా నాన్న గుమ్మంలోనే చెప్పేసేవారు: మా బిడ్డ ఎడమ కాలు కొంచెం పొట్టి, ఇష్టమైతే లోపలికి రండి, నడిచి చూపించమని మాత్రం అడగొద్దు. కొందరు ఆ గుమ్మం నుంచే వెనక్కి తిరిగారు. నేను ఈలోగా సొంతంగా గౌన్లు కుట్టడం మొదలుపెట్టాను. కొంతకాలానికి కరెంటు ఆఫీసులో పనిచేసే ఒకాయన ఆ మాట విని, సరేనండి అని చెప్పులు విప్పి లోపలికి వచ్చారు. ఆయనతో కాపురం చేసినన్నాళ్ళూ, బయటికి వెళితే ఆయన నా ఎడమ పక్కనే, నా అడుగుకు తన అడుగు కలుపుతూ నడిచారు. అలా ఎందుకని నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఆయన పోయి కొన్నేళ్ళయింది.

ఎదురింటి అత్త ఇల్లు ఇప్పుడు అతిథులు దిగే లాడ్జి అయింది. ఆ నాటకాన్ని టీవీలో మళ్ళీ ఎప్పుడూ వెయ్యలేదు, ఆ టేపు ఎవరి దగ్గరైనా ఉందో లేదో కూడా తెలియదు. ఇప్పుడు పొద్దున్నే సముద్రం ఒడ్డున వ్యాయామానికి వచ్చే నా ఈడు ఆడవాళ్ళలో సగం మంది మోకాళ్ళ నొప్పులతో ఒరుగుతూనే నడుస్తారు. వాళ్ళ మధ్య నేను నడుస్తుంటే నా కాలు వైపు ఎవరూ చూడరు. అప్పట్లో అదొక్కటే కోరుకున్నాను, ఎవరూ చూడకుండా ఉంటే బాగుండునని. ఆ కోరిక ఇన్నాళ్ళకు తీరింది. వెనక నుంచి చూసి, తల మీద ముసుగు ఉన్నా, ఒంటి మీద గౌను ఉన్నా, అది మా పాప గదా అని చెప్పగలిగినవాళ్ళు మాత్రం ఈ ఊళ్ళో ఒక్కరూ మిగలలేదు.