ఇప్పపూల దారిలో నా పాట

ఆ రోజుల్లో మా ఇంట్లో భయం అనే మాటను ఎవరూ వాడేవారు కాదు. "జాగ్రత్త" అనేవారు, "మర్యాద కాదు" అనేవారు, మరీ తప్పకపోతే "ఒంట్లో బాగాలేదు" అనేవారు. (ఉరుములు ఉరిమినప్పుడల్లా మా నాన్నగారికి ఒంట్లో బాగుండేది కాదు.) భూములు పోయి, మనుషులు చెదిరిపోయాక నా వాటాకు మిగిలింది మా తాతగారి నడక ఒక్కటే. మెడ తిప్పకుండా, నడుం వంచకుండా, ఎదుటివాళ్ళే తప్పుకోవాలన్నట్టు నడిచే నడక. ఇరవై నాలుగేళ్ల వయసులో, మణుగూరు దాటాక అడవి అంచున ఉన్న ఒక చిన్న బడిలో టీచరు ఉద్యోగం దొరికినప్పుడు ఒక సూట్‌కేసూ, ఆ నడకా వెంట పెట్టుకుని వెళ్ళాను. ఆ పల్లెలు ఒకప్పుడు మా తాతగారి మాట మీద నడిచినవే. నేను కనబడగానే ముసలివాళ్ళు మంచాల మీంచి లేచి నిలబడేవారు. మన పేరుకు ఇంకా ఇంత గౌరవం ఉందని ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పేవాణ్ణి. నా చేతిలో ఉన్నది ఆ గౌరవం ఒక్కటే కాబట్టి, అది చెడకుండా చూసుకోవడమే నాకు పాఠాల కంటే పెద్ద పని.

బస్సు తారురోడ్డు మీద దింపేది. అక్కడి నుంచి బడి దాకా ఇప్పచెట్ల మధ్య కాలిబాట. ఎండలు ముదిరి ఒంటిపూట బడులు మొదలైతే తెల్లవారగానే ఆ దారి పట్టాలి. ఇప్పపూలు రాలిపడేదీ అప్పుడే, వాటిని తినడానికి ఎలుగుబంటి వచ్చేదీ అప్పుడే. మనిషి హఠాత్తుగా ఎదురుపడితే అది బెదిరి మీద పడుతుందని అక్కడివాళ్ళు గట్టిగా మాట్లాడుకుంటూనో పాడుకుంటూనో నడుస్తారు. నాతో వచ్చే పెద్ద టీచరమ్మ (బడిలో ఉన్నదే ఇద్దరం, వయసును బట్టి ఆమె పెద్ద) చర్చి పాటలు పాడేది. గొంతు గట్టిది, రాగం ఆమె ఇష్టం.

"సారూ, మీరు గూడ గొంతెత్తుండ్రి. మనం వస్తున్నట్టు దానికి తెల్వాలె గద."

"మా ఇంట్ల మగవాళ్ళు బాటల మీద పాడరమ్మా."

"ఇంట్ల పాడతరా మరి?"

"ఎక్కడా పాడరు."

"అయ్యో పాపం," అని ఆమె రెండో చరణం అందుకుంది.

ఒకరోజు ఆమె చుట్టాల పెళ్ళికి తల్లాడ వెళ్ళింది. నేను ఒక్కణ్ణే, మా తాతగారి నడకతో, నిశ్శబ్దంగా వెళుతున్నాను. సగం దారిలో కుడిపక్క పొద కదిలింది. లోపల నల్లగా ఏదో ముడుచుకుని కూర్చుంది. భయం గురించి ఆ క్షణాన నాకు తెలిసిన సంగతి ఒకటి చెప్పాలి. నాకు వచ్చిన మొదటి ఆలోచన అది మీద పడుతుందని కాదు, నేను పరుగెత్తితే ఎవరైనా చూస్తారేమోనని. (చుట్టూ చూశాను కూడా.) రెండో ఆలోచన వచ్చేలోపే నా నోరు తెరుచుకుని పాట మొదలుపెట్టింది. రోజూ విని విని పట్టుబడిన టీచరమ్మ పాటే. మొదటి లైను వచ్చింది. రెండోది రాలేదు. ఆపితే ప్రాణం పోతుందేమోనని అదే రాగంలో పన్నెండో ఎక్కం ఎత్తుకున్నాను. పన్నెండు ఏడ్లు ఎనభై నాలుగు దగ్గర గొంతు తారస్థాయికి వెళ్ళింది. అప్పుడు పొదలోంచి ఒక ముసలమ్మ, నల్లకొంగు కప్పుకుని, గంప పట్టుకుని లేచింది.

"దొరా, ఇవ్వి మీ చెట్ల పూలు గావు. సర్కారు చెట్లయి."

"ఎందుకు దాక్కున్నవ్ అవ్వా?"

"నడక జూసి. పెద్దదొర వస్తుండనుకున్న."

"ఆయన చనిపోయి ఎన్నేండ్లాయె."

"నాకెరుకే బిడ్డా, సావుకు గూడ వచ్చిన. కాళ్ళకే ఎరుక గాలె. అవ్వే ఉరికినయ్."

తన చిన్నతనంలో పెద్దదొర ఈ బాటన వస్తే ఆడవాళ్ళంతా గంపలతో పొదల్లో దూరేవారట. దొరికితే ఆయన మనుషులు పూలు మట్టిలో పోసి తొక్కేవారట. ఆమె ఫిర్యాదులా చెప్పలేదు, ఎండల సంగతి చెప్పినట్టు చెప్పింది. మంచాల మీంచి లేచి నిలబడే ముసలివాళ్ళందరూ వరసగా నా కళ్ళ ముందుకు వచ్చారు. నేను ఇంటికి ఫోన్ చేసి చెప్పిన గౌరవం వాళ్ళ కాళ్ళలో ఉన్న భయమేనన్నమాట.

"మరి నువ్వెందుకు పాడినవ్?"

"ఎలుగనుకున్న."

"నన్నా?"

"అవ్."

ఆమె ముందు నమ్మలేదు. తర్వాత గంప కింద పెట్టి, తనూ కింద కూర్చుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "పెద్దదొర మనవడు నన్ను జూసి దడుసుకున్నడు," అని ఆ మాటను రెండుసార్లు రుచి చూసింది. ఉన్నట్టుండి నవ్వు ఆపింది. "ఊర్ల జెప్పుకుంటే ఏమన్న అంటవా దొరా?"

వద్దంటే చెప్పదని నాకు తెలుసు. ఆ కాళ్ళు ఇంకా మా ఇంటి మాట వింటాయి. వద్దనే అనాలనుకున్నాను. ఆ మాట కోసం ఊపిరి పీల్చి, అలవాటుగా ఛాతీ విరుచుకునేసరికి ఆమె రెండు చేతులూ వెళ్ళి గంపను కప్పేశాయి. మొహంలో మాత్రం ఇంకా నవ్వు మిగిలే ఉంది. చేతులకూ ఎరుక లేదు మరి.

"చెప్పుకో అవ్వా," అన్నాను. అది పెద్దమనసు కాదు. ఆ చేతులు చూశాక ఇంకో మాట నోటికి రాలేదు, అంతే.

చెప్పుకుంది. బడి వదిలే వేళకు ఊరంతా తెలిసిపోయింది. అంతకు ముందు ఎన్ని బెత్తాలకూ రాని పన్నెండో ఎక్కం పిల్లలందరికీ వచ్చేసింది, చర్చి రాగంలో. పెళ్ళి నుంచి తిరిగొచ్చిన టీచరమ్మ, "మా పాటను లెక్కల్ల కలిపినవంట గద సారూ," అని ఆ దారంతా పాడనే లేదు, నవ్వడంతోనే సరిపోయింది. ముసలివాళ్ళు లేవడం మానేశారు. ఒకాయన పడుకునే చెయ్యెత్తి, "ఏం సారూ, ఎలుగు కనబడ్డదా?" అనేవాడు. నేను వారం రోజులు ముభావంగా తిరిగాను, ఇంటికి ఫోన్ చెయ్యలేదు. (ఒంట్లో బాగాలేదు.)

ఇప్పుడు ఖమ్మంలో ఉంటున్నాను. నడుం ఇంకా నిటారుగానే ఉంది, దాన్ని వంచడం నా చేతిలో లేదు. నన్ను చూసి ఎవరైనా గబుక్కున లేచి నిలబడితే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ముందు సంతోషమే వేస్తుంది. సిగ్గు ఆ వెనకాల వస్తుంది. ఒకప్పుడు అది చాలా ఆలస్యంగా వచ్చేది. ఈమధ్య, అవతలి మనిషి మళ్ళీ కూర్చునేలోపే వచ్చేస్తోంది.